మూరకి జానెడు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఇళ్ళు రెండే రకాలు, తాటాకిళ్ళు, పెంకుటిళ్ళు. తాటాకిళ్ళ కప్పులు దణ్ణం పెడుతున్న చేతుల్లా నిటారుగా ఉండేవి. పెంకుటిళ్ళు భోజనం చేసి నడుం వాల్చిన మనుషుల్లా కాస్త చదునుగా, తీరిగ్గా ఉండేవి. ఆ తేడా ఎందుకో మా నాయనమ్మ నాకు ఒక్క మధ్యాహ్నంలో నేర్పింది. నేను నేర్చుకున్నది మా అమ్మకి ఏమీ అక్కరకు రాలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. చివర్లో ఏదో మంచి జరుగుతుందని చదివేవాళ్ళు ఎదురుచూడక్కర్లేదు.

మా నాన్న ఎడ్లబండి తోలేవాడు. కళ్ళాల్లోంచి ధాన్యం మండపేట మిల్లులకి చేర్చడం ఆయన పని. ఒకసారి అక్కడ పెద్ద వాన పట్టుకుంటే మిల్లు వసారాలో చాలాసేపు కూర్చోవాల్సి వచ్చిందట. పైన పెంకు కప్పు. ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటూ అదే కబురు.

"పెంకు మీద వాన పడితే ఎలా ఉంటుందనుకున్నావు? ఆకు మీదైతే ఎవరో చెవిలో గొణిగినట్టుంటుంది. పెంకు మీద అలా కాదు. గజ్జెలు కట్టుకుని ఊరంతా నడుస్తున్నట్టుంటుంది. పడుకుని వింటూ ఉండిపోవచ్చు."

"పడుకుని వినడానికి నాకు తీరికేదండీ?" అని అమ్మ నవ్వింది. "అయినా ముందు మీరు కప్పు వెయ్యండి. వినడం సంగతి నేను చూసుకుంటాను."

ఆ మాట నాన్న మనసులో నాటుకుపోయింది. అప్పటినుంచీ ఆయనకి పెంకుటిల్లు అంటే గొప్ప కోసం కాదు, అమ్మకి ఆ చప్పుడు వినిపించడం కోసమే అన్నట్టు అయిపోయింది.

దాళవా, అంటే రెండో పంట, కోతలయ్యాక పాత ఇల్లు పడగొట్టి మట్టిగోడలు కొత్తగా పెట్టాడు. వడ్రంగిని పిలిచి పెంకుకి తగ్గ వాలుతో తాటి వాసాలు ఎక్కించాడు. పెంకులు రాజమండ్రి వైపు నుంచి కాలవ మీద పడవలో రావాలి. వడ్రంగికి మధ్యలో ఏదో పెళ్ళి పందిరి పని తగిలి పది రోజులు ఆలస్యం చేశాడు. ఆ పది రోజుల్లోనే కాలవలు కట్టేశారు. మా వైపు ఏటా ఎండాకాలంలో పూడిక తియ్యడానికి కాలవలకి నీళ్ళు ఆపేస్తారు. నీళ్ళు ఆగితే పడవ ఆగినట్టే. పెంకులు అక్కడ కాల్చిన ఆవం దగ్గర, మేము ఇక్కడ. పోనీ బండి మీద తెద్దామంటే అంత దూరం ఆ గతుకుల్లో సగం పెంకులు ముక్కలవుతాయి. బండి తోలే మా నాన్నకి ఆ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

అమ్మకి నెలలు నిండాయి. పై కప్పు లేని ఇంట్లో పురుడు పోసుకోలేదు కదా. కాలవ వదిలేదాకా అని చెప్పి, ఆ పెంకు వాసాల మీదే నాన్న తాటాకు కప్పేశాడు.

అందరూ బాగుందన్నారు. నాయనమ్మ ఒక్కతే చూరు కిందికి వెళ్ళి పైకి చూసి, మళ్ళీ బయటికొచ్చి దూరం నుంచి చూసి, "బుల్లీ, పళ్ళెంలో నీళ్ళు పోసుకురా" అంది.

మా నాయనమ్మ పుట్టిల్లు సముద్రం దగ్గర. అక్కడ గాలీ వానా ఎక్కువ. ఊరంతా ఆకు ఇళ్ళే. వాళ్ళ అన్నదమ్ములు ఇళ్ళు కప్పుతుంటే కింద నిలబడి ఆకు అందించిన మనిషి. నేను పళ్ళెం తెచ్చాను. నన్ను నులకమంచం పట్టె మీద నిలబెట్టి, పళ్ళెం రెండు చేతులతో పట్టుకోమంది. మోచేతి నుంచి నడివేలి కొస దాకా, అంటే మూరెడు పొడుగున, ఒక కర్రముక్క విరిచి పళ్ళెం అంచుల మీద అడ్డంగా పెట్టింది. "నీళ్ళు రెండు పక్కలా అంచుకి సమంగా ఉన్నాయా? ఉంటే కర్ర మట్టంగా ఉన్నట్టు. నువ్వు కదిలావంటే మొత్తుతాను" అంది. కర్ర ఒక కొస వాసానికి తగిలించింది. రెండో కొస నడింటి వైపు చూస్తోంది. ఆ కొస దగ్గర నుంచి పైనున్న వాసం దాకా బొటనవేలూ చిటికెనవేలూ చాపి జానతో కొలిచింది. సరిగ్గా సరిపోయింది.

"మూరకి జానెడు" అంది. "మూరెడు లోపలికి వెళ్తే జానెడు పైకి లేచింది. ఇదీ వాలంటే."

నాకు అనుమానం వచ్చింది. "నాయనమ్మా, నా చెయ్యి చిన్నది కదా. నేను కొలిస్తే వేరేగా వస్తుంది కదా?"

"కొలిచి చూడు మరి. నోటితో ఎందుకు?"

నా మూరకి సరిపడా ఇంకో కర్ర విరిచి ఇచ్చింది. ఈసారి పళ్ళెం తను పట్టుకుంది. నా మూరెడు కర్ర వాసానికి తగిలించి నా జానతో కొలిచాను. అదీ సరిగ్గా జానెడే. నేను నోరు తెరిచాను.

"ఎవరి మూరకి వాళ్ళ జానెడే. చిన్న చెయ్యయినా పెద్ద చెయ్యయినా వాలు మారదు" అంది నాయనమ్మ. తొంభైల్లో మా పేటలో రాత్రి బడి పెట్టినప్పుడు, యాభై దాటాక నేను అక్షరాలు నేర్చుకున్నాను, లెక్కలూ కొంచెం నేర్చుకున్నాను. పంతులమ్మ చెప్పిన లెక్కల్లో ఇంతకన్నా పెద్ద సంగతి నాకు ఎక్కడా కనబడలేదు.

తర్వాత చేటలో ఒక తాటాకు పరిచి, చేట కొంచెం వంచి చెంబుతో నీళ్ళు పోసింది. నీళ్ళు ఆకు మడతల్లో తచ్చాడి, కాసేపటికి ఆకు కిందనుంచి చేటలోకి దిగాయి. చేట బాగా నిలబెట్టి పోసింది. జర్రున జారిపోయాయి. అప్పుడు నాన్న నమూనాకి తెచ్చుకున్న ఒకే ఒక్క పెంకు తీసుకుని, మొదటంత వాలులోనే పెట్టి పోసింది. నీళ్ళు ఎక్కడా ఆగలేదు.

"చూశావా? మట్టిని కాల్చి చేసింది కాబట్టి దానికి జానెడు చాలు. ఆకు నీళ్ళని పట్టుకుంటుంది. దానికి మూరకి మూర ఉండాలి. మీ నాన్న పెంకు కోసం మంచం వేసి ఆకుని పడుకోబెట్టాడు."

నాన్న అటుగా వస్తూ విన్నాడు. "ఏంటమ్మా, వడ్రంగం మొదలెట్టావా?"

"నీ కొంప కారుతుందిరా అబ్బాయ్."

"నెల్లాళ్ళకేగా. కాలవ వదిలితే పడవొస్తుంది. ఈ నెలలో వానెక్కడిది?"

"వాన నిన్నడిగి వస్తుందా?"

"అయితే ఏం చెయ్యమంటావు? వాసాలన్నీ పీకి, గోడలు ఇంకా లేపి, మళ్ళీ కట్టమంటావా? నీ కోడలు ఇవాళో రేపో అన్నట్టుందిగా?"

  నాన్న చెప్పింది నిజమే, నాయనమ్మ చెప్పిందీ నిజమే. రెండు నిజాల మధ్య మేమందరం ఆ ఇంట్లో ఉన్నాం.

తమ్ముడు పుట్టాడు. అమ్మని లోపలి గదిలో పడుకోబెట్టి, బాలింతకి చలిగాలి సోకకూడదని నాయనమ్మ ఆమె చెవుల్లో దూది పెట్టి, తలచుట్టూ పాత పంచె కట్టింది. గదిలో కుంపటి, వాము పొగ. పురుడు ఇంకా వెళ్ళకముందే ఒక పొద్దున్న తూర్పున మబ్బు పట్టింది. వైశాఖంలో తుపాను. అంతకు ముందు చూడలేదా అంటే చూశాం. అయినా ఆ నెలలో వాన ఉండదనే అనుకుంటాం, ప్రతిసారీ.

మొదట కప్పు బాగానే ఆపింది. నాన్న ముఖంలో కొంచెం ధీమా కూడా వచ్చింది. తర్వాత ఆకు తడిసి బరువెక్కింది. మడతల్లో నీళ్ళు నిలిచాయి. నాయనమ్మ చేటలో చూపించిందే ఇంత పెద్దదిగా మా నెత్తి మీద జరిగింది. వాసాల అడుగున నీటి చుక్కలు వరసగా పాకుతూ వచ్చి, ముడి ఉన్న చోట ఆగి, కింద పడేవి. ఒక ముడి సరిగ్గా అమ్మ మంచం మీదుంది.

మంచం జరిపాం. జరిపిన చోటా కారింది. ఇంకో మూలకి జరిపాం. అక్కడ గోడ తడిసి మట్టి జారుతోంది.

ఎదురింటి పిన్నిగారు నెత్తిన గోనెసంచి వేసుకుని పరిగెత్తుకొచ్చింది. వాళ్ళది పెంకుటిల్లు. గుమ్మం అవతలే నిలబడి, "అత్తయ్యగారూ, అమ్మాయిని మా ఇంటికి తెచ్చెయ్యండి. అరుగు మీద మంచం వేయిస్తాను" అంది.

"అరుగు మీదా? జల్లు కొడుతుంది కదమ్మా."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "లోపల దేవుడి గూడుందండీ. మా మావగారు ఉన్నారు. పురుడు వెళ్ళలేదు కదా, నేనేం చెయ్యనండీ?"

"నువ్వేం చేస్తావులే. వెళ్ళు, నువ్వు తడుస్తున్నావు" అంది నాయనమ్మ. ఆవిడ మీద కోపంతో అనలేదు. తనైనా మైల మనిషిని దేవుడున్న ఇంట్లోకి రానిచ్చేది కాదు. ఆవిడ వెళ్ళి కుంపట్లోకి పొడి పిడకలు తెచ్చిచ్చి పోయింది. ఆవిడకి చేతనైంది అదే.

నాన్న ఉండబట్టలేక చాపలు పట్టుకుని కప్పు ఎక్కాడు. చాపలు పరిచి గాలికి లేవకుండా వాటి మీద తనే పడుకున్నాడు. ఆయన బరువుకి ఆకు ఇంకా కుంగి, లోపల ధారలు రెట్టింపయ్యాయి.

"ఒరేయ్ దిగరా!" అని నాయనమ్మ అరిచింది. "ఉన్న జానెడు వాలు కూడా నీ ఒంటి కింద చచ్చిపోతోంది. దిగు!"

నాన్న దిగి వచ్చి, ఒళ్ళంతా నీళ్ళు కారుతూ గుమ్మంలో నిలబడ్డాడు. అంత బలమైన మనిషి. బురదలో దిగబడ్డ బండి చక్రం ఒంటిచేత్తో లేపేవాడు. ఆ చేతులతో అప్పుడు ఏం చెయ్యాలో ఆయనకి తెలియలేదు.

నాయనమ్మ తన పాత చీర అంచు నిలువునా చింపింది. ఆ పేలిక తడిపి, అమ్మ మీద కారుతున్న ముడికి ఒక కొస కట్టింది. రెండో కొస నాకిచ్చి, మంచం అవతల పీట మీద కుండ పెట్టి, "ఇది పట్టుకో. నీళ్ళు పేలిక పట్టుకుని కుండలోకి వస్తాయి" అంది. నేను పట్టుకున్నాను. నీళ్ళు కొంచెం దూరం వచ్చి, మధ్యలో వేలాడి, టప్పున అమ్మ భుజం మీద పడ్డాయి.

"ఎంత వాలులో పట్టుకున్నావే? జానెడా? చెయ్యి దించు. ఇంకా దించు. మూరకి మూర!"

దించాను. కుండ కింద పీట తీసేసి నేల మీద పెట్టాం. నేను గొంతుక్కూర్చుని, మోచెయ్యి పైకీ వేళ్ళు కిందికీ పెట్టి, ఆ పేలికని నా చేతి వాలు వెంబడే దింపాను. అప్పుడు నీళ్ళు ఎక్కడా ఆగకుండా జారుకుంటూ వచ్చి కుండలో పడ్డాయి. అది చూసి నాకు నవ్వొచ్చింది. పిల్లని కదా. నా చేతిలో వాన వంగిందని సంబరపడ్డాను.

ఇంకో చోట కారడం మొదలైంది. ఇంకో పేలిక. అది నాన్న పట్టుకున్నాడు. ఇంకో చోట. అది నాయనమ్మ. తర్వాత ఇంకో చోట. మా చేతులు అయిపోయాయి. కారే చోట్లు అయిపోలేదు. ముగ్గురం మూడు పేలికలు పట్టుకుని, నాలుగోచోట పడుతున్న నీళ్ళని చూస్తూ కూర్చున్నాం. కదిలితే పట్టుకున్నది పోతుంది. కదలకపోతే ఆ ధార అమ్మ వీపు మీద పడుతోంది.

అమ్మ తమ్ముడిని పొట్ట కింద దాచుకుని, ధారకి వీపు ఇచ్చి వంగి పడుకుంది. "నన్నొదిలెయ్యండి, వీడు తడవట్లేదు" అంది. కాసేపటికి, "బుల్లి చెయ్యి లాగుతుంటుంది, దాన్ని లెమ్మనండి అత్తయ్యా" అంది. నేను లేవలేదు. నాన్న గోడవైపు తిరిగాడు. ఆయన ముఖం మీద ఉన్నవి వాన నీళ్ళేనని అప్పుడు అనుకున్నాను.

సాయంత్రానికి వాన తగ్గింది. తమ్ముడి ఒంటి మీద ఒక్క చుక్క పడలేదు. అమ్మకి మర్నాటికి జ్వరం కాసింది. మామూలు జ్వరం కాదు, మనుషుల్ని పోల్చుకోలేనంత. బండి మీద రామచంద్రపురం తీసుకెళ్ళి డాక్టరు గారికి చూపించారు. ఆయన మందిచ్చి, దేవుడి మీద భారం వెయ్యమన్నాడు. చాలా రోజులకి జ్వరం దిగింది. అమ్మ బతికింది. లేచి కూర్చుంది, తమ్ముడికి పాలిచ్చింది. పిలిస్తే ఒక్కోసారి పలికేది కాదు, రానురాను అది ఎక్కువైంది. నీరసం అనుకున్నాం. చెవుల్లో దూది ఉంది కదా అనుకున్నాం. ఆ దూది ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో ఎవరూ చూసుకోలేదు.

కాలవ వదిలారు. పడవ వచ్చింది. రేవు నుంచి పెంకులు తట్టల్లో మోసుకొచ్చి, కుళ్ళిన ఆకు పీకేసి, ఆ వాసాల మీదే వేశారు. ముచ్చటగా కూర్చున్నాయి. వాసం ఒక్కటి మార్చక్కర్లేకపోయింది. వాలు సరైనదే. దాని మీద వేసిందే సరైనది కాదు. నాన్న మేస్త్రీకి పెంకులు అందిస్తూ ఈలపాట కూడా పాడాడు, అమ్మ లేచి తిరుగుతోంది కదా అని.

మొదటి వాన ఒక మధ్యాహ్నం పడింది. చుక్క కారలేదు. చప్పుడు మాత్రం నాన్న చెప్పినట్టే ఉంది, ఊరంతా గజ్జెలు కట్టుకుని నడిచినట్టు. నేను, నాయనమ్మ పైకి చూసి నవ్వాం. నాన్న బయటనుంచి పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడి అమ్మకేసి చూశాడు. అమ్మ వీపు ఇటు పెట్టి, అటు గోడ దగ్గర కూర్చుని బియ్యం చెరుగుతోంది. తల ఎత్తలేదు.

"ఏవే, విన్నావా?" అన్నాడు నాన్న.

చేట ఆడుతూనే ఉంది.

"వినమంటేనూ!" అన్నాడు, గట్టిగా.

అమ్మ ఒక మెరిగ ఏరి పక్కన పడేసింది. నాయనమ్మ లేచి వెళ్ళి వెనకనుంచి అమ్మ చెవి దగ్గర చప్పట్లు కొట్టింది. అమ్మ కదల్లేదు. భుజం మీద చెయ్యి వేస్తే అప్పుడు తిరిగి, మా అందరి ముఖాలు చూసి, "ఏంటండీ, ఏమైంది?" అంది. తర్వాత తలుపులోంచి వాన కనబడింది. కాసేపు వానకేసి చూసి, కప్పుకేసి చూసి, "మొదలైందా?" అంది. అప్పుడు తనకీ తెలిసింది.

 ఆ ఇంట్లో నాన్న ఇంకా చాలా ఏళ్ళు బతికాడు. వాన పడితే లేచి పశువుల పాకలోకి పోయేవాడు. అది ఆకు పాక.

జ్వరం వల్లో, చలి వల్లో, ఆ నాలుగో ధార వల్లో నాకు తెలీదు. ఎవరికీ తెలీదు. వాలు కొలవడం నాకు వచ్చింది, అమ్మ వినికిడి పోయింది. రెండూ ఒకే నెలలో జరిగాయి. ఒకటి తెలిసినంత మాత్రాన రెండోది ఆగదని నాకు ఆ వయసులోనే అర్థమైంది. చాలామందికి అది ముసలితనంలో కూడా అర్థం కాదు.

అమ్మకి వాన ఒకటే బెంగ. చప్పుడు తెలియదు కాబట్టి, మబ్బు పడితే చాలు మాటిమాటికీ పైకి చూసి, "కారుతోందా?" అని అడిగేది. నోటితో చెప్పి లాభం లేదు. నేను మోచెయ్యి ఎత్తి, వేళ్ళు కిందికి వాల్చి చూపించేదాన్ని. మూరకి మూర. నీళ్ళు జారిపోతున్నాయి, నీ మీద పడవు అని దానర్థం. అది మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలిసేది కాదు. పెళ్ళయి వెళ్ళాక కూడా, వానాకాలంలో పుట్టింటికొస్తే ముందు చేసే పలకరింపు అదే.

తొంభైల్లో మా అబ్బాయి స్లాబు ఇల్లు కట్టాడు. అప్పటికి నాన్న లేడు, అమ్మ నా దగ్గరే ఉండేది. మేస్త్రీ వచ్చి, "వాటం ఎటు పెట్టమంటారండి?" అని అడిగాడు. వాటమంటే నీళ్ళు పోయే వాలే. స్లాబుకి మూరకి వేలెడు వాలు కూడా ఉండదు, కంటికి ఆనదు. "మా అమ్మ మంచం ఏ గదిలో ఉంటే ఆ గదికి ఎడంగా పెట్టు" అన్నాను. అతను నవ్వాడు, అలాగే పెట్టాడు. స్లాబు మీద వాన పడితే లోపలికి చప్పుడే రాదు. ఆ ఇంట్లో అమ్మా, మేమూ సమానమే అయిపోయాం. ఎవరికీ ఏమీ వినపడదు. అయినా కిటికీలో తడి కనబడగానే అమ్మ నా కేసి చూసేది. నేను చెయ్యి వాల్చేదాన్ని. ఆవిడ కళ్ళు మూసుకునేది.

అమ్మ పోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు వాన మొదలైతే నన్ను అడిగేవాళ్ళు ఎవరూ లేరు. నా చెయ్యి మాత్రం దానంతటదే లేస్తుంది. మోచెయ్యి పైకి, వేళ్ళు కిందికి. కాసేపు అలాగే పట్టుకుని కూర్చుంటాను. లాగుతుంది. అయినా దించబుద్ధి కాదు.